ఆరు మిల్లీమీటర్ల సొట్ట: పలుచని ఉక్కు సైలో బలాన్ని అది ఎంత తినేస్తుంది?

మండపేట దగ్గర మా మావయ్య రైసుమిల్లులో ధాన్యం నిలవకు ఉక్కు సైలో కడుతున్నప్పుడు ఒక చిన్న తగాదా వచ్చింది. సైలో అడ్డకొలత 9 మీటర్లు, ఎత్తు 12 మీటర్లు, గోడకు 6 మిల్లీమీటర్ల ప్లేటు. రెండో వరస ఎత్తేటప్పుడు క్రేన్‌కి వేలాడుతున్న ప్లేటు ఊగి కింది వరసకు తగిలింది. అక్కడ మూరెడు మేర గోడ లోపలికి నొక్కుకుంది. లోతు కొలిస్తే 7 మిల్లీమీటర్లు. తనిఖీకి వచ్చిన ఇంజనీరు ఆ ప్లేటు మార్చాల్సిందే అన్నాడు. ఫ్యాబ్రికేటరేమో "పెయింటు పడితే కనపడనే కనపడదండి" అన్నాడు. మావయ్య నన్ను పక్కకి పిలిచి, "కాకినాడలో నూనె ట్యాంకులు చూశావు కదరా, ఒక్కోదానికి ఎన్ని సొట్టలుంటాయి? ఏళ్ల తరబడి నిలబడే ఉన్నాయిగా. మనకే ఎందుకీ పట్టింపు?" అని అడిగాడు.

అడగాల్సిన ప్రశ్నే. ట్యాంకుల గురించి ఆయన చెప్పింది నిజం, సైలో గురించి ఇంజనీరు పట్టుబట్టిందీ నిజమే. ఒకే లోతున్న సొట్ట ఒకచోట ఏమీ చేయకుండా, ఇంకోచోట సగం బలాన్ని ఎలా తీసుకుపోతుందో తెలియాలంటే కొంచెం మొదటికి వెళ్లాలి.

షెల్, బక్లింగ్, ఆకార లోపం: మూడు మాటలు

వంపు తిరిగి, తన వెడల్పుతో పోలిస్తే చాలా పలుచగా ఉండే నిర్మాణాన్ని ఇంజనీర్లు షెల్ అంటారు. కోడిగుడ్డు పెంకు షెల్. కూల్‌డ్రింకు డబ్బా షెల్. మావయ్య సైలో కూడా షెల్లే: సగం అడ్డకొలత 4,500 మిల్లీమీటర్లు, మందం 6 మిల్లీమీటర్లు, అంటే 750కి 1. కోడిగుడ్డు పెంకు కూడా ఈ లెక్కన అంత పలుచన కాదు.

పోస్టుకార్డును అంచు మీద నిలబెట్టబోతే పడిపోతుంది. కాస్త వంచి పెడితే నిలబడుతుంది, పైన ఇంకో కార్డు పెట్టినా మోస్తుంది. కార్డు మందం పెరగలేదు, వంపు ఒక్కటే వచ్చింది. షెల్ బలమంతా ఆ వంపులోనే ఉంటుంది.

ఉక్కు తెగకుండా, సాగకుండా, ఉన్నట్టుండి తన ఆకారాన్ని వదిలేసి మడతలు పడిపోవడం బక్లింగ్. లోహం బలంగానే ఉంటుంది, లొంగిపోయేది ఆకారం. డ్రాయింగులో గీసిన నిఖార్సైన గుండ్రానికీ నిజంగా కట్టిన గోడకీ మధ్య ఉన్న తేడా ఏదైనా ఆకార లోపమే. క్రేన్ దెబ్బకు పడ్డ సొట్ట, రోలింగ్‌లో సరిగ్గా వంగని ప్లేటు అంచు, వెల్డింగ్ చల్లారేటప్పుడు ముడుచుకుపోయి లోపలికి లాగేసిన అతుకు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

గడ్డి పురికి లాగుడొక్కటే తెలుసు

వెనకటికి మన వైపు ధాన్యాన్ని పురిలో పోసేవారు. గడ్డిని వెంటిగా పేని, చుట్టూ చుట్టుకుంటూ పోతే అదే గోడ. లోపలి ధాన్యం బయటికి తోస్తుంది, వెంటి బిగుసుకుంటుంది. తాడు లాగుడునే తట్టుకుంటుంది, నిలువు బరువు మోయలేదు. నూనె ట్యాంకు గోడ పని కూడా దాదాపు అంతే. నూనె గోడను బయటికి తోస్తుంది, ప్లేటు చుట్టూ లాగుడులో ఉంటుంది. లాగుతున్న రేకులో సొట్ట ఉంటే ఆ లాగుడే దాన్ని సరిచేయడానికి చూస్తుంది.

ఉక్కు సైలోలో ధాన్యం ఇంకో పని కూడా చేస్తుంది. గోడను ఒరుసుకుంటూ, దానికి వేలాడినట్టు కిందికి దిగలాగుతుంది. ఈ లెక్కను 1895లో జాన్సెన్ అనే జర్మన్ ఇంజనీరు వేసి చూపించాడు. నీటి ఒత్తిడి లోతుతోపాటు పెరుగుతూనే పోతుంది, ధాన్యం ఒత్తిడి కొంత లోతు తర్వాత అంతగా పెరగదు. కారణం, మిగతా బరువును ఒరిపిడి ద్వారా గోడ ఎత్తుకుంటుంది.

మన సైలోకే లెక్క వేద్దాం. ఘనపు మీటరుకు 580 కిలోలనుకుంటే నిండుగా సుమారు 440 టన్నుల ధాన్యం. ఒరిపిడికి మామూలుగా తీసుకునే విలువలు పెడితే అందులో 170 టన్నుల దాకా గోడ మీదికి వస్తుంది. గోడ చుట్టుకొలత 28 మీటర్ల పైచిలుకు. అంటే అడుగున గోడ మీటరు పొడవుకి 6 టన్నులు. 6 మిల్లీమీటర్ల మందానికి పంచితే చదరపు మిల్లీమీటరుకు ఒక కిలో. ఈ ఒక కిలోను గుర్తుంచుకోండి, మిగతావన్నీ దీనితోనే పోల్చాలి.

మామూలు నిర్మాణపు ఉక్కు చదరపు మిల్లీమీటరుకు 25 కిలోల దాకా సాగకుండా ఓర్చుకుంటుంది. "25 ఎక్కడ, 1 ఎక్కడ?" అనిపిస్తుంది. మావయ్యకీ అలాగే అనిపించింది.

పుస్తకం చెప్పిన బలం, పరీక్షలో దొరికిన బలం

నిలువు బరువు కింద పలుచని గొట్టం ఎప్పుడు మడతపడుతుందో 1908-1914 మధ్య లోరెంజ్, టిమొషెంకో, సౌత్‌వెల్ వేర్వేరుగా లెక్కగట్టారు. సూత్రం చిన్నది: ఉక్కు బిగువు (నొక్కితే ఎంత లొంగకుండా ఉంటుందో చెప్పే అంకె), మందం, వ్యాసార్ధం తెలిస్తే చాలు. మందాన్ని వ్యాసార్ధంతో భాగించి, ఉక్కు బిగువుతో హెచ్చించి, అందులో 0.605 వంతు తీసుకోవాలి. మన సైలోకి వచ్చే జవాబు చదరపు మిల్లీమీటరుకు 16.4 కిలోలు. ఉక్కు సాగే హద్దు కంటే ఇది తక్కువ. లోహం ఇంకా బలంగా ఉండగానే ఆకారం లొంగుతుందన్న మాట.

1930ల నాటికి విమానాలను పలుచని లోహపు రేకులతో కట్టడం మొదలైంది. ప్రయోగశాలల్లో గొట్టాలను నొక్కి చూశారు. సూత్రం చెప్పిన బలంలో సగం కూడా రాకుండానే చాలా గొట్టాలు కూలాయి. కొన్నిటికి ఐదో వంతే వచ్చింది. ఒకే కొలతలున్న రెండు గొట్టాలకు రెండు జవాబులు. లెక్కలో తప్పు లేదు, లోహంలో తప్పు లేదు. ఇరవై ముప్పై ఏళ్ల పాటు ఇది నిజంగా పెద్ద చిక్కుముడి. సరుగుడు కర్రను నిలబెట్టి నొక్కితే ఆయిలర్ 1744లో చెప్పిన సూత్రానికి దాదాపు సరిపోతుంది. గొట్టం మాత్రం ఎందుకు మాట వినదు?

సమాధానంలో మొదటి సగం 1939, 1941ల్లో అమెరికాలో వాన్ కార్మాన్, ఆయన శిష్యుడు త్సియెన్ సూ-షెన్ రాసిన పత్రాల్లో వచ్చింది. ఈ శిష్యుడే తర్వాత చైనా రాకెట్ల కార్యక్రమానికి ఆద్యుడయ్యాడు. సరుగుడు కర్ర వంగాక కూడా ఆ బరువును మోస్తూనే ఉంటుంది. గొట్టం అలా కాదు. ఒక్కసారి మడత మొదలైతే దాని మోత బలం ఒక్కసారిగా అడుక్కి పడిపోతుందని వాళ్లు చూపించారు.

రెండో సగం నెదర్లాండ్స్‌లో వార్నర్ కాయిటర్ రాసిన సిద్ధాంత గ్రంథంలో ఉంది. యుద్ధం రోజుల్లో డచ్ భాషలో రాసి, 1945లో డెల్ఫ్ట్‌లో సమర్పించాడు. బయటి ప్రపంచం దాన్ని సరిగ్గా గుర్తించడానికి పదిహేనేళ్ల పైనే పట్టింది. నాసా ఇంగ్లీషులోకి అనువదించి ప్రచురించింది 1967లో. ఇంత విలువైన మాట ఒక భాషలో అంతకాలం ఉండిపోయిందని తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

అంచు దాకా మునిగిన నావ

కాయిటర్ చెప్పినదాన్ని లంక గ్రామాలకు వెళ్లే నావతో పోల్చి చూడొచ్చు. నలుగురే ఎక్కితే నావ అంచు నీటికి మూరెడు పైన ఉంటుంది. పెద్ద అల వచ్చినా ఊగి సర్దుకుంటుంది. జనం ఎక్కే కొద్దీ అంచు నీటికి దగ్గరవుతుంది. బెత్తెడు ఎత్తే మిగిలినప్పుడు, అంతకుముందు లెక్కలోకి రాని చిన్న అల చాలు. అల పెరగలేదు, దాన్ని కాచే ఎత్తు తరిగింది.

సైలో మీద బరువు పెరిగే కొద్దీ దాన్ని కూలదోయడానికి కావలసిన తోపు అలాగే తగ్గిపోతుంది. ఎక్కడా సొట్టలేని గోడ ఆ 16.4 కిలోల దాకా పోగలదు, కాగితం మీద. నిజమైన గోడలో సొట్ట ముందుగానే ఉంది. బరువు పడుతుంటే అది ఇంకొంచెం లోపలికి పోతుంది. పోయిన కొద్దీ అక్కడ వంపు తగ్గుతుంది. వంపు తగ్గితే బిగువు తగ్గి, సొట్ట ఇంకా పోతుంది. పోస్టుకార్డు వంపును మధ్యలో వేలితో చదును చేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే.

సొట్ట లోతును దేనితో పోల్చాలి?

మన కన్ను పొరబడేది సరిగ్గా ఇక్కడే. 9 మీటర్ల సైలోలో 6 మిల్లీమీటర్లంటే అడ్డకొలతలో 1,500వ వంతు. ఎదురుగా నిలబడినా కనిపించదు. గోడకు మాత్రం సైలో ఎంత పెద్దదో పట్టదు. దానికి కొలబద్ద దాని మందమే. 6 మిల్లీమీటర్ల గోడకు 6 మిల్లీమీటర్ల సొట్ట అంటే నిలువెత్తు గొయ్యి.

గోడ చుట్టూ వలయంలా సాగే లోపానికి కాయిటర్ 1963లో ఒక సూత్రం ఇచ్చాడు. మందంలో పదో వంతు లోతుంటే, అంటే 0.6 మిల్లీమీటర్లు, మిగిలే బలం 61 శాతం. సగం మందం లోతుంటే 35 శాతం. మందమంత లోతుంటే 24 శాతం. మొదటి అర మిల్లీమీటరే ఎక్కువ బలాన్ని తినేస్తుంది, ఆ తర్వాత నష్టం నెమ్మదిస్తుంది. "కొంచెం సొట్టకు కొంచెం నష్టం" అనుకునే మన మామూలు అంచనా షెల్ దగ్గర పనిచేయకపోవడానికి కారణం ఇదే.

చుట్టూ వలయంలా ఉండే లోపం అన్నిటికంటే చెడ్డ రకం. క్రేన్ దెబ్బకు ఒక్కచోట పడ్డ సొట్ట అంత ప్రమాదం చేయదు. అయితే వలయాకారపు లోపం ఊహలోది కాదు. రెండు వరసల ప్లేట్లను చుట్టూ అతికే వెల్డింగ్ చల్లారుతూ ముడుచుకుని గోడను లోపలికి లాగేది సరిగ్గా అలాగే. 1989లో రోటర్, టెంగ్ అనే పరిశోధకులు ఈ అతుకు పల్లాల మీదే వివరంగా లెక్కలు వేశారు. క్రేన్ సొట్ట గురించి అందరూ గొడవపడతారు, చుట్టూ ఉన్న అతుకును ఎవరూ చూడరు. నా మటుకు నాకు రెండోదే ఎక్కువ భయం.

ఒకే డ్రాయింగు, మూడు పనితనాలు

యూరప్ దేశాల షెల్ ప్రమాణం, 2007 నాటి యూరోకోడ్, పనితనాన్ని ఏ, బి, సి అని మూడు తరగతులు చేసింది. ఒక పట్టీని గోడకు ఆనించి, దాని కింద ఎంత ఖాళీ ఉందో చూడాలి. పట్టీ పొడవు కూడా గోడ మందం, వ్యాసార్ధాల మీద ఆధారపడుతుంది. మన సైలోకి అది 66 సెంటీమీటర్లు. ఖాళీ 4 మిల్లీమీటర్ల లోపుంటే ఏ తరగతి. సుమారు 6.6 దాకా బి. 10.5 దాకా సి.

అదే ఉక్కు, అదే మందం, అదే డ్రాయింగు. ఏ తరగతి పనితనమైతే మోత బలం చదరపు మిల్లీమీటరుకు 4.8 కిలోలు. బి అయితే 3.2. సి అయితే 2. పుస్తకపు 16.4లో సి తరగతికి దక్కింది ఎనిమిదో వంతు.

మావయ్య సైలోను బి తరగతి అనుకుని డిజైన్ చేశారు. సొట్ట లోతు 7. ఆ ఒక్క సొట్టతో కాగితం మీది 3.2 కాస్తా 2కి దిగింది. గోడ మీద పడే బరువు 1 కదా, ఇంకా రెట్టింపు ఉందిగా అంటే, ఆ 1 లెక్కలో ధాన్యం ప్రశాంతంగా కూర్చుని ఉంది. భారానికి ఒకటిన్నర రెట్లు, ఉక్కు వైపు ఇంకో పది శాతం భద్రత కోసం పక్కన పెడితే 1.65 అవుతుంది. ధాన్యం దించేటప్పుడు ఒరిపిడి పెరుగుతుంది. పక్కనున్న తూము నుంచి దించితే ధాన్యం ఒకవైపే కదిలి, గోడ మీద భారం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. 2 అన్నది అప్పుడు చాలా ఇరుకు.

ఇక్కడ ధాన్యం తరఫున కూడా ఒక మాట చెప్పాలి. అది గోడను లోపలి నుంచి తోస్తూ ఉంటుంది కాబట్టి సొట్ట లోపలికి పోకుండా కొంత ఆపుతుంది. నిండుగా, కదలకుండా ఉన్న సైలోకి ఇది నిజమైన సాయం. కదులుతున్న ధాన్యం దగ్గర ఒత్తిడి పడిపోతుంది కనుక, అవసరమైన చోటే ఆ సాయం అందకపోవచ్చు.

ఇంకో తేడా కూడా ఉంది. మార్కెట్లో ఎక్కువగా దొరికే జింకు పూత సైలోలకు గోడ ముడతల రేకుది, బోల్టులతో బిగిస్తారు. ఆ ముడతల గోడ నిలువు బరువు మోయదు, దానికి అతికిన నిలువు పట్టీలు మోస్తాయి. పై లెక్కలు నున్నని వెల్డింగ్ గోడలకే వర్తిస్తాయి.

మరి కాకినాడ ట్యాంకుల మాటేమిటి?

నూనె ట్యాంకులకు ప్రపంచమంతా వాడే ఏపీఐ 650 ప్రమాణంలో అతుకుల దగ్గర 90 సెంటీమీటర్ల పట్టీ కింద 13 మిల్లీమీటర్ల దాకా తేడాను ఒప్పుకుంటారు. సైలో లెక్కలో అది సి తరగతి కన్నా అంత మెరుగేమీ కాదు. ఆ కొలతలు ఎందుకు పెట్టారో ఆ ప్రమాణమే చెబుతుంది: ట్యాంకు చూడటానికి బాగుండాలి, నూనె మీద తేలే పైకప్పు చక్కగా కదలాలి. గోడ లాగుడులో ఉండే ట్యాంకుకు అది న్యాయమే. కాబట్టి మావయ్య చూసిన సొట్టల ట్యాంకులు నిలబడటంలో వింతేమీ లేదు. ట్యాంకు కట్టే చేతులు అదే అలవాటుతో సైలోకి వస్తేనే చిక్కు.

అలాగని ట్యాంకుకు బక్లింగ్ అసలే లేదనుకోకూడదు. ఖాళీ ట్యాంకును బయటి గాలి నొక్కుతుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊపేసిన గాలిని చూసినవాళ్లకు ఆ నొక్కుడు గురించి వేరే చెప్పక్కరలేదు. తుపానే అక్కరలేదు, పైన గాలి తూము మూసుకుపోయి ఉండగా పంపు నూనె తోడేసినా చాలు. మన కొలతలే ఉన్న నున్నని ట్యాంకు, పై అంచు గట్టిగా ఉంటే, ఎంత నొక్కుడుకు లొంగుతుందో లెక్కిస్తే 46 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి వస్తుంది. మూరెడు నీళ్లు. సి తరగతి పనితనానికి అందులో సగం, అంటే జానెడు. వాతావరణ పీడనంలో ఇది నూటికి రెండు వంతులు.

ఇక్కడ ఒక సంగతి చూడండి. బయటి నొక్కుడు కింద పనితనం సరిగ్గా లేకపోతే బలం సగమవుతుంది. యూరోకోడ్ ప్రకారం ఏ, బి, సిలకు మిగిలేది 75, 65, 50 శాతం. నిలువు బరువు కింద అవే తరగతులకు మిగిలింది 29, 20, 12 శాతం. సొట్ట అదే అయినా అది ఏ భారం కింద ఉందన్నదాన్ని బట్టి నష్టం మారిపోతుంది.

ఎంత కోత వేయాలి? నిపుణుల మధ్య తెగని వాదం

అంతరిక్ష వాహనాల కోసం నాసా 1960లలో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ పోగేసి, వాటన్నిటికీ కింది అంచుగా ఒక వక్రరేఖ గీసింది. పుస్తకపు బలాన్ని ఆ వాటాకు కోసేస్తే భయం లేదని దాని అర్థం. మన సైలో నిష్పత్తికి ఆ రేఖ చెప్పేది 26 శాతం. దీని బలం దాని నిరాడంబరత్వం: ఎవరి సొట్ట ఎక్కడుందో తెలియకపోయినా పనిచేస్తుంది. దీని మీద ఫిర్యాదు కూడా అదే. చాలా పాత పరీక్షలు చిన్న నమూనాల మీద చేసినవి, వాటి అంచులను పట్టి ఉంచిన తీరు కూడా ఒకలా లేదు. ఆ తప్పుల భారాన్ని నేటి మంచి పనితనం ఎందుకు మోయాలి? 2007లో నాసాయే ఈ ప్రశ్నతో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టి, 2011లో 8 మీటర్ల పైచిలుకు అడ్డకొలతున్న నిజమైన రాకెట్ ట్యాంకు గొట్టాన్ని నొక్కి కూల్చి చూసింది. పాత కోత అవసరానికి మించి ఉందని తేలింది.

ఈ ఫలితాన్ని చూపించి "సైలోకి కూడా కోత తగ్గించొచ్చు" అనేవాళ్లున్నారు. రాకెట్ గొట్టం యంత్రాల మీద చెక్కినది. మన సైలో ఎండలో, క్రేన్ కింద, చేతి వెల్డింగుతో అతికినది. ఆ ఫలితం నేరుగా ఇక్కడికి రాదని నాకనిపిస్తుంది.

ఇంకో పక్షం లేజరుతో గోడను కొలిచి, ఉన్న సొట్టలను ఉన్నట్టే కంప్యూటర్లో పెట్టి లెక్కించమంటుంది. న్యాయమైన పద్ధతే. దాని ఇబ్బందల్లా, గోడ కట్టాకే కొలవగలం, డిజైన్ అంతకుముందే కావాలి. మూడో దారి ఈ మధ్య తెరుచుకుంది. 2017లో ఒక పరిశోధక బృందం కూల్‌డ్రింకు డబ్బాల మీద బరువు పెట్టి, పక్క నుంచి సన్నని మొనతో నెమ్మదిగా పొడుస్తూ ఎంత బలానికి డబ్బా తోక ముడుస్తుందో కొలిచింది. నావ అంచు నీటికి ఎంత పైన ఉందో నావ మునగకుండానే కొలిచే ప్రయత్నమిది. చిన్న డబ్బాల దగ్గర అందంగా పనిచేసింది. 12 మీటర్ల సైలోను ఎక్కడెక్కడ పొడవాలన్నది ఇంకా పరిశోధనగానే ఉంది.

డెల్టా మట్టి చేసే సొట్ట

మావయ్య చివరికి ప్లేటు మార్పించాడు. నాలుగు రోజుల పని. మార్చేటప్పుడే ఇంజనీరు అడుగు చుట్టూ లెవెల్ పట్టి చూపించిన ఇంకో సంగతి నా మనసులో ఉండిపోయింది.

మనది నది పోసిన ఒండ్రు మీద కట్టిన ఊరు. సముద్రం వైపు పోతే, కాకినాడ దగ్గరైతే, మెత్తని సముద్రపు బంకమట్టి. బరువు పడితే ఇలాంటి నేల దిగుతుంది, అన్ని వైపులా ఒకేలా దిగదు. అంతా సమంగా దిగితే సైలోకి నొప్పి లేదు. ఒక పక్కగా వాలినా కొంత ఓర్చుకుంటుంది. గోడ అడుగున ఒకటి రెండు మీటర్ల మేర మాత్రమే పునాది కిందికి జారితే, అక్కడి గోడ గాల్లో ఉంటుంది. అది మోయాల్సిన ఆరేసి టన్నులు అటూ ఇటూ ఉన్న గోడ మీదికి పోతాయి. అక్కడ చదరపు మిల్లీమీటరుకు ఒక కిలో ఉన్నది రెండవుతుంది. సి తరగతి గోడకు ఉన్న బలం సరిగ్గా ఆ రెండే. పైగా అడుగు వంకర తిరిగితే పైన గుండ్రం కూడా చెదురుతుంది. డ్రాయింగులో లేని, ఫ్యాబ్రికేటర్ చేయని కొత్త ఆకార లోపం పుడుతుంది.

అందుకే ఆ సైలోను మొదటిసారి మూడు విడతలుగా నింపారు. ప్రతి విడత తర్వాత అడుగు చుట్టూ పన్నెండు చోట్ల లెవెల్ చూసి గోడ మీద సుద్దతో రాశారు. మొదటి కోత ధాన్యం పోసి నెల దాటింది. పడమటి వైపు, పంటకాలువ పక్కన రాసిన అంకెలు తూర్పు అంకెల కంటే 4 మిల్లీమీటర్లు కిందున్నాయి. వచ్చే నెల మళ్లీ చూడాలి.